పాలకేంద్రం కాడ వెంకటేశ్వరమ్మ

మా ఊరి పాలకేంద్రం కాడికి పొద్దు మునిగినాక ఒంటిగా పోవద్దని మా పెద్దలు ఎప్పుడూ చెప్పలేదు. ఒక పెద్దామె పోయినాకనే దానికి ఆ చెడ్డపేరు వచ్చింది.

డోన్ నుంచి మా ఊరికి వచ్చే దారిలో, ఊరు ఇంకా కనపడకముందే, ఎడమపక్క పెద్ద గుంత ఉంటాది. నాపరాయి తవ్వుకొని వదిలేసిన గుంత. వానలకు నీళ్ళు నిలిచి పచ్చగా అయితాయి. అడుగు ఎంత లోతో ఎవరికీ తెలీదు. దాని ఒడ్డునే రేకుల షెడ్డు — ముందు అది బండలు కోసే ఫ్యాక్టరీ. మిషన్లు అమ్ముకొని పోయినారు, షెడ్డు మిగిలింది. పాలసంఘం వాళ్ళు దానికి సున్నం కొట్టి, కిటికీకీ వాకిలికీ గ్రిల్లు పెట్టి, పాలకేంద్రం అని రాయించినారు.

ఆ గుంతలో పడి ఎవరన్నా చచ్చినారా అంటే... లేదు. ఒక మేక పడింది. అది కూడా ఈదుకుంటా బయటికొచ్చి ఇంటికి పోయింది.

అయినా ఆ చోటు మంచిది కాదు. ఎందుకంటే — చీకటి పడినాక ఆడ వెంకటేశ్వరమ్మను పిలుస్తారు.

వెంకటేశ్వరమ్మ చచ్చిపోయింది.

ఆమె మా పక్కింటామె. వయసులో ఉన్నప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే బండలు మోసింది. అది మూతపడినాక ఒక ఎనుప దూడను తెచ్చుకొని సాకి, అది ఎనుమై పాలిస్తే, ఆ పాలు అదే షెడ్డుకు మోసింది. మనిషి మారలేదు, దారి మారలేదు, నెత్తిమీద ఉండేది మారింది, అంతే. ఎండాకాలంలో జ్వరమొచ్చి పడుకుంది, లేవలేదు. కొడుకు వీరేష్ బండల లారీ నడుపుతాడు. కోడలు శివలీల. ఇద్దరూ దినాలు బాగానే చేసినారు, ఏమీ తక్కువ చేయలేదు. ఆమె మల్లా రావాల్సిన పని లేదు.

వానలు మొదలైనాక ఆ పిలుపు మొదలైంది.

ముందు విన్నది ఏసన్న. ఏసన్న ఇండ్లకు సున్నం వేస్తాడు. ఆ దినం డోన్లో పని ముగించుకొని వస్తాంటే సరిగ్గా గుంత కాడ బండిలో పెట్రోలు అయిపోయింది. పొద్దు మునిగింది. ఆ వేళకు మాకు రోజూ కరెంటు పోతాది, షెడ్డు కాడ లైటు లేదు. సన్నగా తుంపర పడతాంది. ఏసన్న బండిని తోసుకుంటా షెడ్డు ముందరికి వచ్చినాడు...

లోపల్నించి ఎవరో ఆడమనిషి మాట్లాడింది.

"వెంకటేశ్వరమ్మ గారూ... నమస్కారం."

మెత్తని గొంతు. శానా మర్యాద. మా ఊర్లో ఎవరూ ఎవర్నీ అట్ల పిలవరు. ఏసన్నకు ముందు ఆ మర్యాదకే ఒళ్ళు జలదరించిందంట.

ఆయన నిలబడిపోయినాడు. ఏమీ లేదులే అనుకున్నాడు. అంతలోనే — ఇంకొక గొంతు. చిన్నగా, నోట్లోనే అనుకున్నట్లు...

"వచ్చినా."

ఆ తర్వాత నీళ్ళ చప్పుడు. బుడబుడమని, ఎవరో గుంతలోంచి లేచినట్లు. ఆ తర్వాత ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు.

బండిని ఆడనే పడేసి ఏసన్న ఊర్లోకి వచ్చినాడు. ఆ రాత్రే చలిజ్వరం పట్టుకుంది.

ఏసన్న ప్రతి ఆదివారం ప్రార్థనకు పోతాడు. దెయ్యాలు లేవు, అదంతా మీ మనసులో ఉండాది అని మా అందరికీ చెప్పేటోడు ఆయనే. అందుకని ఆయన ఉందంటే అందరూ నమ్మినారు. అదే మాట ఇంకెవరన్నా చెప్పుంటే సగం మందే నమ్మేటోళ్ళు.

తర్వాత ఇంకా కొందరు విన్నారు. పిలుపు అదే, జవాబు అదే. ఒకామె జవాబు చెప్పేది వెంకటేశ్వరమ్మ గొంతే అనింది. ఇంకొకామె, కాదు, వెంకటేశ్వరమ్మ గొంతు బొంగురు, ఇది సన్నగా ఉండాది, చచ్చినాక గొంతు బాగుపడిందేమో అనింది. దానికి ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం పాలు పోసేటోళ్ళు తగ్గిపోయినారు. పొద్దు ఉండంగానే పితికి, పరిగెత్తిపోయి పోసొచ్చేటోళ్ళు కొందరు. మిగతావాళ్ళు ఇంట్లోనే తోడుపెట్టుకున్నారు. ఊరంతా పెరుగే. పాలకేంద్రం ప్రెసిడెంటు ఓబుళేశుకు పైనుంచి ఫోన్లు — ఏమయ్యా, మీ ఊర్లో ఎనుములు పొద్దున పూటే పాలిస్తాండాయా అని.

ఓబుళేశు కర్నూలుకు ఫోను చేసి ఉమామహేశ్‌ను పిలిపించినాడు. పాలకేంద్రంలో ఉండే మిషనును పెట్టిపోయింది ఈ ఉమామహేశే. కంప్యూటరు చదువు చదివినాడు. ఆ మిషనుకు ఏది తెలియాలన్నా ఈయన రాసిపెట్టాల.

మిషను సంగతి కొంచెం చెప్తా. పాలు పోసేటప్పుడు కార్డు చూపిస్తే వెన్న ఎంతుందో, పాలు ఎన్నో చెప్తాది. అప్పుడు పేర్లు పిలవదు. బొటనవేలు పెడితేనే పేరు పిలుస్తాది. కేంద్రంలో పనిచేసేవాళ్ళు పనికి వచ్చినట్లు చెప్పాలన్నా వేలే పెట్టాల, గొడ్డుకు బాగలేక డాక్టరు కావాలన్నా వేలే పెట్టాల. కరెంటు లేకున్నా దానికి బ్యాటరీ ఉంది.

ఉమామహేశ్ మధ్యాహ్నం బస్సుకు వచ్చినాడు. నేను క్యాను మూత మర్చిపోయుంటి, దానికోసం పోయి ఆడనే ఒక పక్కగా నిలబడి ఉన్నా. కాబట్టి ఇది నేను విన్నదే.

"సార్, అట్ల పిలిచేది మిషనే," అన్నాడు ఉమామహేశ్. "ఆయమ్మ పేరు ఇంకా దీంట్లో ఉండాది. చచ్చిపోయిన మనిషిని ఎందుకు పెట్టుకున్నారు?"

"మేం పెట్టుకోలేదప్పా. ఆయమ్మే ఉండాది," అన్నాడు ఓబుళేశు.

"తీసేస్తే సరిపోతాది."

"తీసేస్తే... కోపం రాదు గదా?"

"ఎవరికి సార్?"

"ఆయమ్మకు."

ఉమామహేశ్ కొంచేపు ఆలోచించినాడు. "అట్లాంటిది దీంట్లో ఏమీ రాయలేదు సార్."

"మరి జవాబు చెప్పేది ఎవురప్పా? వచ్చినా, అనేది?"

"అది మా మిషను కాదు సార్," అని మాత్రం చెప్పి ఆయన పనిలో పడిపోయినాడు.

పాలు పోసేటోళ్ళ పేర్లన్నీ మిషను అద్దం మీదికి వచ్చినాయి. వెంకటేశ్వరమ్మ పేరు కాడ ఆపినాడు. 'తీసేయాలా?' అని అది అడిగింది. అవును అని ఒత్తినాడు. టప్పుమని ఒక చిన్న చప్పుడు వచ్చింది. ఆ షెడ్డులో అంతకాలం బండలు మోసిన మనిషి... పోయేటప్పుడు అంత చప్పుడే చేసింది.

వాచ్‌మన్ కంబన్న గడప కాడ టెంకాయ కొట్టినాడు. కంబన్న ముసలాయన, రాత్రుళ్ళు ఆ షెడ్డుకు కాపలా ఆయనే. ఉమామహేశ్ ఒక టెంకాయ చిప్ప తీసుకొని, టీ తాగి, సాయంత్రం బస్సుకు పోయినాడు. మేమందరం పీడ పోయిందనుకున్నాం.

ఆ దినమే పొద్దు మునిగే వేళకు శివలీల మా గోడమీద నుంచి కేకేసింది.

"అక్కా! ఎనుము పడుకొని లేస్తలేదు. బిన్నా రా అక్కా!"

పోయి చూస్తే ఎనుముకు నొప్పులు. దూడ ఒక్క కాలే బయటికి వచ్చి ఉంది. రెండో కాలు లేదు, మూతి లేదు. తల లోపల పక్కకు తిరుక్కొని ఉంది. వీరేష్ లోడుతో బెంగళూరు పోయినాడు, రేపటికి గాని రాడు. ఆ ఎనుమును వాళ్ళత్త దూడగా ఉన్నప్పటి నుంచి సాకింది. పోయే ముందర కొడుకును కాదు, కోడల్ని పిలిచి, "ఎనుము చూడి కట్టింది, జాగర్త," అని చెప్పింది. అదే ఆఖరి మాట.

శివలీల మోచేతుల దాకా చేతులు పెట్టి తిప్పాలని చూసింది. కాలేదు. ఎనుము ఒక్కసారి తల నేలకేసి కొట్టుకుంది.

డాక్టరు బండికి ఫోను చేసినాం. "మీ పాలకేంద్రం మిషన్లో ఒత్తండమ్మా, ఆడనుంచి వస్తేనే మాకు లెక్క," అని చెప్పి పెట్టేసినారు.

"నువ్వు తలకాయ పట్టుకోక్కా. నేను ఇప్పుడే వస్తా," అని శివలీల చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తింది. నేను ఎనుము తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నా.

ఇంక ఆడ జరిగింది నేను చూడలేదు. శివలీల కాడ ఒకసారి విన్నా, కంబన్న కాడ ఒకసారి విన్నా. ఇద్దరూ ఒకే తీరుగా చెప్పినారు. అందుకే నిజమని అనుకుంటాండా.

కరెంటు లేదు. తుంపర. కంబన్న షెడ్డు లోపల గ్రిల్లుకు తాళమేసుకొని, టార్చి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. వెంకటేశ్వరమ్మను తీసేసినారు కదా, ఈ దినం ఏ పిలుపూ రాదు అని ధైర్యం చెప్పుకుంటాండాడు. ధైర్యం చెప్పుకోవడానికి గట్టిగానే చెప్పుకున్నాడంట, ఒకటికి రెండుసార్లు.

మిషను కిటికీ కాడ ఉంటాది, బయట నుంచే వేలు పెట్టొచ్చు.

తడిసిన కాళ్ళ చప్పుడు వినపడింది. గుంత పక్క నుంచే వస్తాంది. ఊర్లోకి అడ్డదారి అదే గదా. చప్పుడు కిటికీ కాడికి వచ్చి ఆగింది. ఎవరో ఆయాసపడతాండారు... చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చింది. వేలు మిషను మీద పెట్టింది.

మిషను ఎప్పుడూ లేనంత సేపు ఊరికే ఉండింది.

ఆ తర్వాత మెత్తగా అనింది —

"క్షమించండి. ఈ మనిషి లేరు."

కంబన్న చేతిలో టార్చి వెలిగింది. ఆయన వెలిగించలేదంట, అదే వెలిగిందంట.

ముడి ఊడిపోయిన జుట్టు. తడిసిన చీర. మోచేతుల దాకా నెత్తురు.

"ఎ... ఎవురు?"

"నేను తాతా. శివలీలను."

"యాడి శివలీల?"

"యాడి శివలీలేంది తాతా! వీరేష్ పెండ్లాన్ని. రోజూ చూస్తావు గదా."

"మల్లా పెట్టు," అన్నాడు కంబన్న గుసగుసగా.

ఆమె వేలును కొంగుకు తుడుచుకొని మల్లా పెట్టింది.

"క్షమించండి. ఈ మనిషి లేరు."

ఇద్దరూ మిషను పక్క చూసినారు.

"తాతా, గ్రిల్లు తీయి. నా ఎనుము సచ్చిపోతాంది. దూడ అడ్డం తిరిగింది. డాక్టరు రావాల."

"మిషను నువ్వు లేవంటాండాదే పాపా."

"అది అంటే? నేను నీ ఎదురుగా ఉండా గదా!"

"ఎదురుగా ఉండేటోళ్ళందరూ ఉండరు," అన్నాడు కంబన్న. "ఇది డోన్లో కొన్న మిషను కాదమ్మా. కర్నూలు నుంచి తెచ్చినారు. అబద్ధం చెప్పదు."

"నేను సచ్చిపోయింటే నా ఎనుము కోసం ఎందుకు పరిగెత్తుకొని వస్తా తాతా?"

కంబన్న దీన్ని గురించి బాగా ఆలోచించినాడు. "అట్లాంటి వాటికోసమే వస్తారు," అన్నాడు.

శివలీల ఈ మాట నాకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. "అక్కా, నీకెందుకు అబద్ధం చెప్పాల. ఆ నిమిషంలో నాకే అనుమానమొచ్చింది. ఎనుము కాలెత్తి తన్నిందేమో... నేను ఆడనే పడిపోయినానేమో... నువ్వు నా పక్కన కూర్చొని ఏడుస్తాండావేమో అనిపించింది. కాళ్ళు చూసుకున్నా. ముందుకే ఉండాయి. అయినా చీకట్లో సరిగా ఏం కనపడతాది?"

అప్పుడామె గ్రిల్లు పట్టుకొని ఒక మాట అనింది. నేనైతే అట్ల అనలేకపోతుంటి.

"సరే తాతా. నేను లేను. దెయ్యాన్నే అనుకో. ఎనుము మాత్రం ఉండాది. దానికోసమన్నా డాక్టర్ను పిలువు."

దెయ్యం చిన్న పని అడిగితే వెంటనే చేసిపెట్టాల, పెద్ద పని అడిగేదాకా ఉండకూడదు అని కంబన్నకు వాళ్ళ అవ్వ చెప్పిందంట. డాక్టర్ను పిలిచేది చిన్న పనా, పెద్ద పనా అని చూసుకున్నాడు. చిన్నదే అనిపించింది. లేచి, మొహం పక్కకు తిప్పుకొని, తన వేలు పెట్టినాడు.

"కంబన్న గారూ, నమస్కారం."

ఆ మాట వినంగానే కంబన్నకు ప్రాణం లేచొచ్చింది. తానైతే ఉన్నాడు.

"డాక్టరు బొమ్మ ఒత్తు తాతా."

ఒత్తినాడు. మిషను అనింది — "మీ పేరు మీద ఎనుము లేదు. చేర్చాలా?"

కంబన్న జన్మలో ఒక కోడిని కూడా సాకలేదు. ఆమె పక్క చూసినాడు.

"చేర్చు తాతా, బిన్నా!"

చేర్చినాడు.

"కంబన్న గారూ, మీరిప్పుడు పాలసంఘం సభ్యులు. డాక్టరు బయలుదేరినారు."

"పా తాతా, తోడు రా."

"నువ్వు పో అమ్మా," అన్నాడు కంబన్న. "నేను... వెనకాల వస్తా."

ఆయన రాలేదు. గ్రిల్లుకు ఇంకొక తాళం వేసుకున్నాడు.

ఈడ నేను ఎనుము తలను పట్టుకొని ఉన్నా. దానికి కూడా మాటలు వినాలని ఉంటాదని ఏదేదో చెప్పినా. వాన సంగతి, పెరుగు సంగతి. నాకు మనుషుల కాడ మాట్లాడాలంటే నోరు రాదు, ఎనుముతో బాగానే వచ్చింది. అది కన్ను తిప్పకుండా నన్నే చూస్తాంది. కొంచేపటికి చూడ్డం కూడా మానేసింది. ఊపిరి లెక్కపెట్టుకుంటా కూర్చున్నా... ఒకటి వచ్చినాక ఇంకొకటి వస్తాదో రాదో.

శివలీల వచ్చింది. ఆ వెనకనే దారిలో బండి లైట్లు.

డాక్టరు దిగుతానే, "కంబన్న ఎవరు?" అన్నాడు.

"లేడు," అనింది శివలీల.

"ఎనుము ఎవరిది?"

"నాది సార్. గాని నేను లేను."

డాక్టరు ఆమె చేతులు చూసినాడు, ఎనుమును చూసినాడు. చొక్కా విప్పి పక్కన పెట్టి, పడుకొని భుజం దాకా చెయ్యి పెట్టినాడు. నేనూ శివలీలా తాడు పట్టుకున్నాం. ఎంతసేపో నాకు తెలీదు. ఒకసారి శివలీల, "అత్తా, అత్తా," అనింది. ఆ తర్వాత దూడ జారి కింద పడింది. చచ్చిందనే అనుకున్నాం. డాక్టరు దాని మూతిలో వేలు పెట్టి తీసి, రొమ్ము మీద చరిచినాడు. అది తుమ్మింది.

పెయ్యదూడ. ఎనుము కూడా తల ఎత్తి, ఈ గోలంతా ఎవరిదా అన్నట్లు వెనక్కి చూసింది.

తెల్లారేసరికి కంబన్న ఊరంతా చెప్పినాడు — వీరేష్ పెండ్లాము పోయింది, నేను కండ్లారా చూసినా, మాట్లాడినా అని. అప్పటికి శివలీల ముర్రుపాలు పిండి అందరి ఇండ్లకూ పంచుతాంది. తీసుకున్నోళ్ళు తీసుకున్నారు. కొందరు గిన్నె బయటనే పెట్టమన్నారు.

ఓబుళేశు మల్లా ఉమామహేశ్‌కు ఫోను చేసినాడు. "నువ్వు సచ్చినామెను తీసినావా, బతికినామెను తీసినావా?"

ఆయన పొద్దున బస్సుకే పరిగెత్తుకొని వచ్చి మిషను ముందర కూర్చున్నాడు. చూసేకొద్దీ ఆయన మొహం పాలిపోయింది.

"ఒకే వేలు సార్," అన్నాడు. "వెంకటేశ్వరమ్మ వేలు, క్యాన్లు కడిగే ఆమె వేలు... రెండూ ఒకటే."

అందరూ శివలీల పక్క చూసినారు. క్యాన్లు కడిగేది ఆమే. ఆమె తల దించుకొని చెప్పింది.

మిషను కొత్తగా పెట్టినప్పుడు కార్డు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ వేళ్ళు తీసుకున్నారు. వెంకటేశ్వరమ్మ వేలు పడలేదు. అన్నేండ్లు బండలు మోసి, బండలు రుద్ది, ఆమె వేళ్ళ మీద గీతలే అరిగిపోయినాయి. మా పక్క బండల పని చేసిన ఆడోళ్ళకు శానా మందికి ఇదే కత. మిషను ఎన్నిసార్లు చూసినా మనిషి వేలని ఒప్పుకోలేదు. వెనక లైను పెరిగిపోతాంది. "నీ వేలు పెట్టే," అని అత్త కోడలికి చెప్పింది. కోడలు పెట్టింది. మా ఊర్లో కార్డు ఇంటిది, మనిషిది కాదు. ఇంట్లో యా వేలైతే ఏమి?

అట్ల శివలీల వేలు వెంకటేశ్వరమ్మ అయ్యింది.

అత్త పోయినాక, వానలప్పుడు, శివలీల అదే పాలకేంద్రంలో క్యాన్లు కడిగే పనికి చేరింది. అప్పుడూ వేలు పెట్టింది. ఈ మనిషి ముందే ఉండాది అని మిషను ఆమెను వెంకటేశ్వరమ్మ కిందనే పనిలో చేర్చుకుంది. ఆ దినం నుంచి, అందరూ పాలు పోసి పోయినాక, చీకట్లో ఈమె వచ్చి వేలు పెడితే మిషను అత్తను పిలిచేది.

"మరి... వచ్చినా అనేది?" అన్నాడు ఏసన్న. జ్వరం తగ్గి ఆయన కూడా వచ్చినాడు.

"నేనే అన్నా," అనింది శివలీల. "అత్త పేరు పిలిస్తే నేను పలకొద్దా?"

"ఇంతమంది భయపడి సస్తాంటే చెప్పొచ్చు గదమ్మా!" అన్నాడు ఓబుళేశు.

"చెప్తే కార్డు తీసేస్తారనుకున్నా." ఆగి, ఇంకా చిన్నగా అనింది, "ఇంట్లో ఇప్పుడు ఆయమ్మ పేరు ఎవురూ పలకరు. ఈడ రోజూ ఒకసారి పిలుస్తాండె."

నీళ్ళ చప్పుడు కుళాయిది. ఇనుము చప్పుడు క్యాన్లది. కంబన్న కాపలాకు వచ్చేసరికి రోజూ ఆమె కడిగి పోయుంటాది. క్యాన్లు రోజూ ఎవరో కడుగుతాండారని మా అందరికీ తెలుసు. అయినా ఎవరికీ తట్టలేదు. దెయ్యమని ఒకసారి అనుకున్నాక క్యాన్లు ఎవరికి గుర్తొస్తాయి?

"ఒక పేరు తీస్తే ఇంతా ఎట్ల పోయిందప్పా?" అని ఓబుళేశు అడిగినాడు.

ఉమామహేశ్ నేలమీద చాక్‌పీసుతో ఒక పెద్ద సున్నా గీసినాడు. "ఇది మనిషి. తల్లి అనుకోండి. పేరు, వేలు దీంట్లో ఉంటాయి." దాని కింద రెండు చిన్న సున్నాలు. "ఇవి పిల్లలు. ఒకటి పాలు పోసే మనిషి, ఒకటి పనిచేసే మనిషి. రెండిటికీ తల్లి ఒకటే. నేను పాలు పోసే ఆమెను తీసేసినా. పిల్లను తీస్తే అది తల్లిని కూడా తీసుకొని పోతాది. తల్లి పోయినాక రెండో పిల్ల యాడుంటాది? అదీ పోయింది. కార్డు, ఎనుము, అన్నీ ఆ వెనకనే పోయినాయి."

ఏసన్న నేలమీద ఉండే సున్నాలను తొక్కకుండా పక్కకు జరిగినాడు.

"అడక్కుండానే అంతమందిని తీసుకుపోయిందా?" అన్నాడు ఓబుళేశు.

"అడిగింది సార్. తీసేయాలా అని అడిగింది. నేను అవునన్నా. 'తల్లిని ఉంచు' అని ఒక మాట రాసుంటే ఉంచుతుండె. నేను రాయలేదు."

మొన్న రాత్రిది మిషను నకలు ఒకటి కర్నూలులో ఉందంట. దాంట్లోంచి అందర్నీ వెనక్కి తెచ్చినాడు. వెంకటేశ్వరమ్మ పేరు తీసి ఆ వేలుకు శివలీల పేరు పెట్టినాడు. వేలు పెట్టి చూడమన్నాడు.

"శివలీల గారూ, నమస్కారం."

ఆమె ఏమీ పలకలేదు. పక్కకు తిరిగి కొంగుతో చేతులు తుడుచుకుంది.

ఇంక కంబన్న మిగిలినాడు. ఎనుము లేని సభ్యుడు.

"దీన్ని కూడా తీసేసి పోతా," అని ఉమామహేశ్ వేలు పెట్టబోయినాడు. కంబన్న వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"తీస్తే నా వాచ్‌మన్ పని?"

"ఏం కాదు తాతా. ఈసారి తల్లిని ఉంచు అని రాస్తా."

"వద్దు నాయనా. నిన్న కూడా నువ్వు తెలిసే ఒత్తినావు. నేను సభ్యుడిగానే ఉంటా."

"ఉండు తాతా. గాని ఒక సీజనంతా పాలు పోయని వాళ్ళను అది దానంతట అదే తీసేస్తాది. ఎవరూ ఒత్తక్కర్లేదు. రాత్రిపూట చూసుకుంటాది."

కంబన్న మొహం నేను చూసినా. నిన్న రాత్రి ఎట్ల ఉండిందో నేను చూడలేదు గాని, అంతకన్నా బాగుండి ఉండదు.

అప్పటి నుంచి శివలీల రోజూ పొద్దున తన పాలలోంచి ఒక చెంబు కంబన్నకు ఇస్తాంది. ఆయన ఆ పాలు తన పేరు మీద పోసుకుంటాడు. ఆమె అడగకుండానే ఇచ్చింది, ఆయన వద్దనకుండానే తీసుకున్నాడు. కాకపోతే చేతికి ఇయ్యనియ్యడు. గడప కాడ బండ మీద పెట్టి నువ్వు జరుగు పాపా, అంటాడు. ఆమె జరిగినాక పోయి తీసుకుంటాడు.

ఒక దినం లైనులో నేను ఆయన వెనకనే ఉన్నా. ఊరికే ఉండలేక అడిగినా.

"ఇంకా భయమేనా చిన్నాయనా? మిషను ఇప్పుడు ఉందనే అంటాండాది గదా."

"ఒకనాడు లేదనె. ఒకనాడు ఉందనె. రెండిట్లో యాది నిజమో నాకెట్ల తెలుస్తాది?" అని చెంబులో పాలు మిషన్లో పోసినాడు. వెన్న ఎంతో అది చెప్పింది. తల ఆడించినాడు. "పాలు మాత్రం నిజమైనవే."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. నా కార్డు పక్క చూసినాడు.

"నువ్వు దీంట్లో ఎప్పుడన్నా వేలు పెట్టినావా అమ్మా?"

"లేదు చిన్నాయనా. ఈ కార్డు మా ఆయన పేరు మీద ఉండాది."

"ఆయన పోయె గదమ్మా..."

"పోయె."

"అయితే నువ్వు ఉండావని ఇది ఒక్కసారి కూడా చెప్పలేదు," అన్నాడు కంబన్న. ఖాళీ చెంబు ఎదకు ఆనించుకొని, నన్నే చూస్తా, ఒక అడుగు వెనక్కి వేసినాడు.